యల్లాప్రగడ సుబ్బారావు

నెల్లూరు జిల్లా సముద్రతీరమున బోదకాలుతో బాధపడువారు పూర్వము తరచుగ కనబడెడివారు. ఆ వ్యాధిక్రిమి నణచుటకై 2004 నుండి ప్రభుత్వమువారు ఏటేట మాత్రలు పంచిపెట్టిరి. ఆ మందు 1947లో ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనశాలనుండి వెలువడినదని ఎరిగినవారు కొందరే.

ఆ తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. చదువున మొదట చురుకైనవాడు కాడు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవసారికి గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో నున్నప్పుడు గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్సవేళ ఖద్దరు ధరించెను. శస్త్రవైద్యాచార్యునకు అది నచ్చలేదు. తుదకు పూర్తి పట్టము రాక ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ అను గ్రహణివ్యాధితో సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో మరణించిరి. నాటి వైద్యమునకు ఆ వ్యాధిమూలమే తెలియదు.

మామగారి సాయముతో ఆయన అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. పగలు చదువు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు మోయు కొలువు. 1925లో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తమున ఫాస్ఫరసు ఎంత కలదో కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఇది చిన్నపని యని తోచవచ్చును గాని తక్కినవన్నియు దీని వెంటనే వచ్చినవి. 1929లో వారిరువురు కండరములనుండి ఏ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో లోమాన్ కూడ అదే సమయమున దానిని కనుగొనెను.

ఏ.టి.పి. పొయ్యిలోని నిప్పువంటిది. కణము లోపల నున్నంతవరకు పనులకు శక్తినిచ్చును. కణము దెబ్బతిన్నను, ప్రాణవాయువు చాలక తల్లడిల్లినను అది వెలుపలికి కారును. నిప్పు పూరికప్పున పడినట్లే. రక్షకకణములు అపాయము వచ్చెనని గుమిగూడును. ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుట్టును. దీనినే శోథ యందురు. గాయము మానుటకు శోథ అవసరమే. మితిమీరిన సొంతకణములే నశించును. కావున కణముల పైపొరయందు రెండు ఎంజైములు కావలి యుండును. మొదటిది ఏ.టి.పి.నుండి రెండు ఫాస్ఫేటులను త్రెంచును. రెండవది మూడవదానిని కూడ త్రెంచి అడినోసిన్‌ను మిగుల్చును. అడినోసిన్ తగిలిన రక్షకకణముల ఉద్రేకము చల్లారును. ఈ సంగతి సుబ్బారావు కాలమున ఎవరికిని తెలియదు.

1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థలో చేరెను. 1945లో ఆయన బృందము ఫోలికామ్లమును తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూవ్యాధికి అది మందయ్యెను. ఆ ఫోలికామ్లమునే కొంత మార్చి, కణములు వృద్ధిపొందుటకు కావలసిన ఒక ఎంజైమును అడ్డగించు మందులు చేసిరి. అందొకటి మెథోట్రెక్సేటు. ఈ జాతి మందుతోనే 1948లో ఫార్బరు అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగ ఉపశమనము కలిగించెను.

చిత్రమేమనగా, మెథోట్రెక్సేటును కొలది మోతాదున ఇచ్చిన కణముల వెలుపల అడినోసిన్ హెచ్చును. రుమటాయిడ్ కీళ్లవాతమున వాపు తగ్గుటకు ఇది ముఖ్యకారణములలో నొకటని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. తాను వెదకి తీసిన ఏ.టి.పి.యు, తన బృందము చేసిన మందును ఇట్లు ఒకచోట కలియుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసెను. కీళ్లవాతమునకు ఆ మందు వాడుటకు అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతించెను.