కేఎల్ రావు: సాగర్ నీళ్లతో ఊళ్లు పెరిగాయి.. మరి వీధుల సంగతేంటి?

మిర్యాలగూడ అనగానే రైస్ మిల్లులే గుర్తొస్తాయి. అన్ని మిల్లులకు సరిపడా వడ్లు పండాయంటే కారణం నాగార్జునసాగర్ ఎడమ కాల్వ. ఆ ప్రాజెక్టు రూపకల్పనలో కీలకంగా పనిచేసిన ఇంజినీర్ కానూరి లక్ష్మణరావు. అందరికీ కేఎల్ రావుగానే తెలుసు.

1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. తొమ్మిదేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. అయినా చదువు ఆపలేదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వర్సిటీలో పీహెచ్‌డీ చేశారు.

సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. అప్పటికి కేఎల్ రావు విజయవాడ ఎంపీ, కేంద్ర నీటిపారుదల మంత్రి.

ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టూ మెట్ట నేలలు మాగాణులయ్యాయి. వరి వెనకే మిల్లులు, లారీలు వచ్చాయి. హమాలీలు, వ్యాపారులు స్థిరపడ్డారు. ఊళ్లు రోడ్ల వెంట పొడవునా సాగాయి. సూర్యాపేటకు హైదరాబాద్-విజయవాడ హైవే కలిసొచ్చింది. కోదాడకు కాల్వా, హైవే రెండూ దక్కాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మెయిన్ కాల్వ నుంచి డిస్ట్రిబ్యూటరీ, అక్కడి నుంచి పిల్ల కాల్వ.. నీళ్లు చివరి పొలానికి చేరాలంటే ఈ పద్ధతే కరెక్ట్. కానీ వీధులకు ఇది పనికిరాదు. నీళ్లు ఒకే వైపు పారతాయి, మనుషులు అన్ని వైపులా తిరగాలి. పాత ఊళ్లో సందులు ఇరుకైనా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి ఉంటుంది. ఊరి చివర వెంచర్లన్నీ ఎవరి రోడ్డు వాళ్లు వేసుకుని మెయిన్ రోడ్డుకే కలిపితే? పక్క కాలనీ బడికి వెళ్లాలన్నా పిల్లలు లారీల మధ్యకే రావాలి. ట్రాఫిక్ ఆగిందంటే అంబులెన్స్‌కు రెండో దారి ఉండదు.

1963లో పద్మభూషణ్ అందుకున్న కేఎల్ రావు 1986 మే 18న కన్నుమూశారు. సూర్యాపేట జిల్లా అంచున కృష్ణా నదిపై ఉన్న పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. కాల్వ తవ్వకముందే చివరి పొలం దాకా లెక్క గీసిన తరం అది. లేఅవుట్‌కు పర్మిషన్ ఇచ్చే రోజే పక్క లేఅవుట్‌కు దారి కలపాలి. ఇళ్లు లేచాక ఆ దారి కావాలంటే ఎవరిదో ఒకరి గోడ కూలాల్సిందే.