విశాఖ వేధశాలాధిపతి అంకితం వెంకట నరసింగరావు గారు

పందొమ్మిదవ శతాబ్ది నడిమికాలంలో విశాఖపట్టణానికి లోపలి రేవు లేదు. నౌకలు సముద్రంలో దూరంగా లంగరు దింపి నిలిచేవి; సరకులు పడవలపై అలలు దాటి ఒడ్డుకు చేరేవి. నేడు మనం చూస్తున్న ఓడరేవు 1933లో ప్రారంభమయింది. అంతకు తొంభై ఏండ్లకు పైబడిన కాలంలోనే ఆ చిన్న పట్టణంలో ఒక వేధశాల వెలసింది. దానిని తమ సొంత ద్రవ్యంతో నడిపినవారు ఇద్దరు తెలుగువారు, మామా అల్లుళ్ళు. అల్లుని పేరు ఈ ప్రాంతంలో ఎరుగనివారు లేరు. ఏ.వి.ఎన్. కళాశాల అని మనం నిత్యం పలికే మూడు పొడి అక్షరాలు ఆయనవే. ఆ అక్షరాల వెనుక ఉన్న శ్రీ అంకితం వెంకట నరసింగరావు గారి జీవితం మాత్రం తెలిసినవారు తక్కువ.

వేధశాల అనగా ఆకాశాన్ని యంత్రాలతో పరిశీలించి, చూచినదానిని వేళ తప్పకుండా లెక్క వ్రాసిపెట్టే చోటు. మన ఉర్దూ మిత్రులు రసద్‌గాహ్ అంటారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా రసద్‌గాహ్ పేరు వారు వినే ఉంటారు. విశాఖ వేధశాల దానికంటె అరవై ఏండ్లు పెద్దది.

దీనిని స్థాపించినవారు గోడే వెంకట జగ్గారావు గారు. ఆయన 1817లో విశాఖలోని సంపన్న జమీందారీ కుటుంబంలో జన్మించారు. మద్రాసు వేధశాలాధిపతి టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి, తిరిగి వచ్చి 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లోని తమ నివాసంలోనే వేధశాలను నెలకొల్పారు. 1856లో, నలభై ఏండ్లయినా నిండకుండానే కాలధర్మం చెందారు. సాధారణంగా ఇటువంటి పనులు ప్రారంభించినవారితోనే ముగుస్తాయి. యంత్రాలు తుప్పుపట్టి గదిమూల చేరుతాయి. ఇక్కడ అలా జరగలేదు. 1827లో జన్మించిన అల్లుడు నరసింగరావు గారు ఆ బాధ్యతను తలకెత్తుకొని, 1892లో మరణించేవరకు, అంటే ముప్పది ఆరు సంవత్సరాలు మోశారు.

ఆ వేధశాల పట్టణానికి చేసిన మొదటి ఉపకారం సరియైన కాలాన్ని అందించడం. నక్షత్రాలు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని గమనించి గడియారాలను సరిదిద్దేవారు. డాల్ఫిన్స్ నోస్ కొండపై నిలిపిన జెండాస్తంభం ద్వారా ఆ కాలం సముద్రంలోని నావికులకు తెలిసేది. ఇది అలంకారానికి చేసిన పని కాదు. నౌకలోని గడియారం నాలుగు సెకండ్లు తప్పితే, నడిసముద్రంలో ఆ నౌక ఉన్న చోటు దాదాపు 1.8 కిలోమీటర్లు తప్పుతుంది. చీకటి రాత్రి తీరాన్ని సమీపించే ఓడకు ఆ మాత్రం పొరపాటు చాలు.

నరసింగరావు గారికి దేశాంతర ఖ్యాతి తెచ్చినవి ఖగోళ పరిశీలనలు. 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణాన్ని ఆయన విశాఖ నుండి పరిశీలించారు. ఆ గ్రహణానికే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరుకు వచ్చాడు. 1871లో లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ నరసింగరావు గారిని సభ్యునిగా స్వీకరించింది. ఇక 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా సాగిపోయిన ఘట్టాన్ని ఆయన ఆరు అంగుళాల దూరదర్శినితో గమనించి, ఫలితాలను ఆ సంఘానికి పంపగా, అవి దాని పత్రికలో వెలువడ్డాయి. శుక్రుడు సూర్యబింబపు అంచును తాకిన, వీడిన క్షణాలను భూమిమీద వేర్వేరు చోట్ల నుండి లెక్కకట్టి పోల్చితే సూర్యుని దూరం తేలుతుంది. అందుకే ఆనాడు ఐరోపా దేశాలు లోకం నలుమూలలకూ బృందాలను పంపాయి. విశాఖలో ఆ ఖర్చు ఒక గృహస్థుడు భరించాడు.

ఆ దూరాన్ని కొలిచే పని తరువాతి శతాబ్దిలో రాడారు చేతికి వచ్చింది. 1961లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ నుండి రేడియో తరంగాలను శుక్రగ్రహంపైకి పంపి, అవి తాకి మరలివచ్చిన వ్యవధిని కొలిచారు. రేడియో తరంగం సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, వ్యవధి తెలిస్తే దూరం తెలిసినట్లే. రాడారు అనే యంత్రమంతా ఈ చిన్న లెక్కపైనే నిలిచింది. మూడువందల కిలోమీటర్ల దూరాన ఉన్న వానమబ్బు నుండి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకండులో వేయింట రెండు వంతులు పడుతుంది. ఆ గణనలో సెకండులో పదిలక్షలవ వంతు తప్పితే దూరంలో 150 మీటర్లు తప్పుతుంది. నక్షత్రాన్ని చూచి గడియారం దిద్దినవారి పనికీ, రాడారు ముందు కూర్చున్నవారి పనికీ మూలం ఒకటే: కాలాన్ని నమ్మకంగా కొలవడం.

ఆయన కృషిలో రెండవ భాగం వాతావరణ పరిశీలన. నా మట్టుకు నాకు ఇదే గొప్పదనిపిస్తుంది. గ్రహణం ఏ కొన్నేండ్లకో వస్తుంది. అందరూ చూస్తారు, పత్రికలు వ్రాస్తాయి. వర్షమాపకంలోని నీటిని ప్రతిదినం కొలిచి, భారమితిని చూచి, గాలి దిక్కును గుర్తించి పుస్తకంలో వ్రాయడాన్ని ఎవరూ చూడరు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. విశాఖ వేధశాలలో ఆ పరిశీలనలు అప్పటికే సాగుతున్నాయి. మరుసటి సంవత్సరం, 1876 అక్టోబరులో, విశాఖ తీరాన్ని పెనుతుఫాను తాకింది. అదే నెల చివర బాకర్‌గంజ్ తుఫాను తూర్పు బెంగాలును ముంచివేసింది. రెండింటిపై ప్రభుత్వ వాతావరణాధికారి ఎలియట్ ఒకే నివేదిక వెలువరించాడు. ఆనాడు సముద్రంలో తుఫాను ఎక్కడ ఉన్నదో తీరవాసులకు తెలిపే సాధనం లేదు. భారమితిలో పాదరసం దిగిపోతుండగా చూడడమొక్కటే గతి.

ఆ లోటు తీరడానికి తొంభై నాలుగేండ్లు పట్టింది. మన దేశంలో మొట్టమొదటి తుఫాను పరిశోధక రాడారును 1970లో నెలకొల్పినది విశాఖపట్టణంలోనే. తరువాత 2006లో డాప్లర్ రాడారు వచ్చింది. ఇది మబ్బు ఎంత దూరాన ఉన్నదో చెప్పడమే గాక, అందులోని నీటిబిందువులు రాడారువైపు ఎంత వేగంతో వస్తున్నాయో, పోతున్నాయో కూడ చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు, దాని రాక ముందుగా తెలిసినందున తీరగ్రామాల నుండి లక్షలాది జనాన్ని తరలించగలిగారు. నగరంలో చెట్లు, స్తంభాలు నేలకూలాయి. 1876 వలె తెలియక చిక్కుకొనే దుస్థితి మాత్రం తప్పింది.

అయితే రాడారు వానను కొలవదు, ప్రతిధ్వని బలాన్ని కొలుస్తుంది. ఆ బలానికి ఎన్ని మిల్లీమీటర్ల వాన అని అర్థం చెప్పాలంటే నేలమీది వర్షమాపకంతో పోల్చి చూడవలసిందే. విశాఖకు సుమారు అరవై కిలోమీటర్ల దూరాన ఉన్న మన ఎలమంచిలి పొలాలపై కురిసే వానను అక్కడి తెరమీద చూడవచ్చును. ఆ చిత్రం నిజమో కాదో తేల్చేది ఇక్కడి వర్షమాపకమే. నరసింగరావు గారి దినచర్యకు ఈనాటికీ కాలదోషం పట్టలేదన్నమాట.

ఈ రంగంలో పరిశోధన చేయదలచిన విద్యార్థికి నేడు దారులు దగ్గరలోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్రశాస్త్ర శాఖ ఉన్నది. తిరుపతి సమీపాన గాదంకిలో, పైవాతావరణంలోని గాలులను కొలిచే పెద్ద రాడారు ఉన్నది. శ్రీహరికోట నుండి 2012 ఏప్రిల్ 26న రిశాట్-1, 2025 జూలై 30న నిసార్ రాడారు ఉపగ్రహాలు ఎగిరాయి. రాడారు తరంగాలు మబ్బును దాటిపోతాయి గనుక, వానకాలంలో సైతం వరిపైరును, వరదముంపును ఉపగ్రహం నుండి చిత్రించవచ్చును. ఆ చిత్రాల పఠనానికి హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉన్నది. భౌతికశాస్త్రం, గణితం శ్రద్ధగా చదివినవారికి ఇవి అందరాని ద్రాక్షలు కావు.

నరసింగరావు గారు 1892లో దివంగతులయ్యారు. ఆయన ధర్మపత్ని అచ్చయ్యమ్మ గారు 1894లో వేధశాల నిర్వహణ కోసం ఆస్తిని ప్రభుత్వానికి అప్పగించారు. కొంతకాలం పని సాగి, పిమ్మట వేధశాల మూతపడింది. డాబాగార్డెన్స్ నేడు అంగళ్ళతో, వాహనాలతో కిటకిటలాడే వీధి. అక్కడ దూరదర్శిని ఉండేదని చెబితే నమ్మడం కష్టం.

ఆయన దానం పొందిన హిందూ కళాశాల మాత్రం మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలగా నిలిచింది. సరిగా ఆయన మరణించిన 1892లోనే ఆ కళాశాలకు గణిత, భౌతికశాస్త్ర ఉపన్యాసకులుగా చంద్రశేఖర అయ్యర్ గారు వచ్చారు. వారి వెంట వచ్చిన నాలుగేండ్ల కుమారుడు విశాఖలోనే పెరిగి, ఆ కళాశాలలోనే ఎఫ్.ఏ. చదివి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్ళాడు. ఆ బాలుడే సి.వి. రామన్.