గణితమునకు తెలుగు పలుకునిచ్చిన పావులూరి మల్లన

శాస్త్రము ఏ భాషలో పుట్టినా, ప్రజల భాషలోనికి దిగివచ్చిన నాడే ప్రజలకు అక్కరకు వస్తుంది. ఈ సత్యమును తొమ్మిది శతాబ్దులకు పూర్వమే గ్రహించి, గణితమును తెలుగు పద్యములలో నిలిపిన మహనీయుడు పావులూరి మల్లన. తెలుగులో మనకు లభించిన తొలి శాస్త్రగ్రంథము ఆయనది. ఆయన పేరు సాహిత్య విద్యార్థులకు తెలిసినంతగా గణిత విద్యార్థులకు తెలియదు. లాభనష్టములు, వడ్డీ, ముదరా లెక్కలతో ఏటేటా తలపడే మన కళాశాల విద్యార్థులకు ఆయనను పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశము.

మల్లన ఇంటిపేరు పావులూరు గ్రామమును బట్టి వచ్చినది. వేంగీ చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమును ఏలుచుండగా ఈ వంశము ప్రసిద్ధికెక్కినది. నన్నయభట్టు భారతమును తెలిగించుటకు పూనుకొన్నదీ ఆ ప్రభువు కొలువులోనే. పిఠాపురం చేరువనున్న నవఖండవాడ అను గ్రామమును రాజరాజు మల్లన అను వానికి దానముగా ఇచ్చినాడు. దానము పొందినవాడే గ్రంథకర్త అని కొందరు పండితులు, తాత పేరు పెట్టుకొన్న మనుమడు గ్రంథకర్త అని మరికొందరు వాదించినారు. మొదటి వాదము ప్రకారము ఆయన నన్నయకు సమకాలికుడు. రెండవ దాని ప్రకారము రెండు తరముల తరువాతివాడు. ఏది నిజమైనా తెలుగు కవిత్వము ఇంకను బాల్యములోనే ఉన్న కాలమది. భద్రాచలం మీదుగా ప్రవహించి రాజమహేంద్రవరం చేరే గోదావరి ఒడ్డున, ఒకే యుగములో, తెలుగువారికి ఇతిహాసమూ గణితమూ రెండూ లభించినవి.

మల్లన తన గ్రంథమునకు మూలముగా గైకొన్నది మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు, తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, క్రీ.శ. 850 ప్రాంతములో, సంస్కృతమున ఆ గ్రంథమును రచించినాడు. త్రైరాశికము, క్రయవిక్రయములు, నూటికి నెలకింత అని కట్టే వడ్డీ, భాగస్వాములు లాభమును పంచుకొనే పద్ధతి, దారిలో దొరికిన డబ్బుసంచిని గురించి వర్తకులు చెప్పుకొనే చిక్కులెక్క — ఇట్టివన్నీ అందులో ఉన్నవి. మల్లన శివభక్తుడు. జైనుడు కూర్చిన శాస్త్రమును శిరసావహించి, తన ఇష్టదైవమును తలచుకొని తెలుగు చేసినాడు. విజ్ఞానమునకు మతభేదము లేదని చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శనము వేరొకటి అక్కరలేదు. మల్లన కేవలము అనువాదకుడు కాడు. చదరంగపు గళ్ళలో ఒకటి మొదలు రెట్టింపు చేసికొంటూ 64 గళ్ళు నింపితే వచ్చే మొత్తమును, అనగా 1,84,46,74,40,73,70,95,51,615 అను ఇరువది అంకెల సంఖ్యను, మాటలతో అంకెలు సూచించే సంప్రదాయములో ఒకే పద్యమున ఇమిడ్చిన నేర్పరి.

మహావీరుడు జీవించిన ఆ తొమ్మిదవ శతాబ్దిలోనే బాగ్దాదులో మరియొక మహాగణితవేత్త ఉండెను. ఆయన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఖలీఫా అల్ మామూన్ (813–833) కాలమున ఆయన రచించిన గ్రంథము పేరులోని అల్ జబ్ర్ అను మాటయే నేటి ఆల్జీబ్రా అయినది. భారతీయ అంకెలను గురించి వేరొక గ్రంథము వ్రాసి, వాటిని పడమటి దేశములకు చేర్చిన ఘనతయు ఆయనదే. తెలియని రాశిని ఆయన షై, అనగా వస్తువు, అన్నాడు. ఉర్దూ మాధ్యమపు మిత్రులకు ఈ మాట సుపరిచితమే. మనదేశపు బీజగణితజ్ఞులు ఆ రాశిని యావత్తావత్తు అన్నారు. కుదించి యా అని వ్రాసినారు. తెలియని దానికి ముందుగా ఒక పేరు పెట్టడం, తెలిసిన దానితో దానిని సమానము చేయడం — బీజగణిత రహస్యమంతా ఇంతే.

లాభము, ముదరా లెక్కలలో విద్యార్థి తడబడుటకు కారణమొక్కటే. నూటికి అన్నప్పుడు ఆ నూరు దేనిమీద అని అతడు అడుగడు. ఖమ్మం బజారులో ఒక వర్తకుడు 400 రూపాయలకు కొన్న వస్తువు మీద నూటికి 20 ముదరా ఇచ్చి కూడా నూటికి 20 లాభము పొందగోరినాడు. ప్రకటిత వెల ఎంత వేయవలెను? 20, 20 కలిపి, నూటికి 40 పెంచి, 560 అని చాలామంది వ్రాస్తారు. అది తప్పు. లాభము కొన్న వెల మీద. ముదరా ప్రకటిత వెల మీద. ప్రకటిత వెల య అనుకొందము. ముదరా పోగా మిగిలినది 80య/100. వర్తకునికి రావలసినది 480. కనుక 80య/100 = 480; య = 600. వెలను నూటికి 50 పెంచితేగాని అతని కోరిక తీరదు.

అదే విధముగా 400 రూపాయల సరుకును నూటికి 25 పెంచి, మరల నూటికి 25 తగ్గించి అమ్మితే అసలు తిరిగి రాదు. పెంచగా 500, అందులో 125 తగ్గగా 375. నష్టము 25 రూపాయలు, అనగా నూటికి 6¼.

ఈ లెక్క పరీక్షపత్రముతో ముగిసేది కాదు. మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున చింతపండు, ఇప్పపువ్వు తెచ్చి సంతలో అమ్ముకొనే కోయ సోదరుని ఊహించండి. తూకములో నూటికి 10 తరుగు తీసి, మిగిలిన సొమ్ములో నూటికి 10 కమీషన్ పట్టుకొంటే, 1000 రూపాయల సరుకునకు అతని చేతికి 810 వస్తుంది. కమీషన్ మొత్తము మీద పడితే వచ్చేది 800 మాత్రమే. నూరు దేనిమీద అని అడిగిన వానికి పది రూపాయలు మిగులుతాయి. అడగని వానికి పోతాయి.

అప్పులోనూ ఇంతే. భద్రాచలం ప్రాంతము మద్రాసు రాష్ట్రపు గోదావరి ఏజెన్సీలో ఉన్న కాలమున, 1917లో చేసిన చట్టము గిరిజనుల అప్పు మీద ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదన్నది; చక్రవడ్డీని నిషేధించినది; మొత్తము వడ్డీ అసలును మించరాదన్నది. నూటికి 24 అనగా ఊరివాడుక ప్రకారము నెలకు నూటికి రెండు. 500 రూపాయల అప్పునకు ఏడాదికి 120 వడ్డీ. వడ్డీ అసలుతో సమానమయ్యే కాలము య సంవత్సరములైతే 120య = 500; య = 4 సంవత్సరముల 2 నెలలు. ఆపై వడ్డీ పెరుగరాదు. కాని ఈ లెక్క తెలియని వానికి ఆ చట్టము కాగితము మీది అక్షరములే. తనకు రక్షణ ఎక్కడ మొదలగునో, ఎక్కడ వడ్డీ ఆగవలెనో అతనికి తెలిసేదెట్లు?

మల్లన తెలుగులో ఎందుకు వ్రాసినాడో ఇక్కడ మనకు బోధపడుతుంది. సంస్కృతము రాని వానికీ పొలము కొలుచుకొనే, వడ్డీ కట్టుకొనే, వెల తేల్చుకొనే శక్తి కలుగవలెను. జమ, ఖర్చు, బాకీ, అసలు, ఖరీదు అని ఉర్దూ మాటలతోనే తెలుగువాడు పద్దులు వ్రాసుకొంటున్నాడు. లెక్కలో ఈ రెండు భాషలు ఏనాడో కలిసిపోయినవి. ఈ రెండు భాషలు చదివే మన విద్యార్థులు సెలవులలో ఇళ్ళకు వెళ్ళినప్పుడు, తాము నేర్చిన ఒక్క సమీకరణమునైనా సంతకు వెళ్ళే పెద్దలకు వారి మాటలలో విప్పి చెప్పగలిగితే, మల్లన ఆరంభించిన పని మన ఊళ్ళలో కొనసాగినట్లే.