ఫిరంగుల నోట్లోకి గుర్రాలు.. స్వెటర్‌కు పేరిచ్చిన కార్డిగాన్ కథ ఇదీ!

చలి మొదలైతే చాలు, ముందు గుండీలు ఉండే స్వెటర్ బీరువాలోంచి బయటకు వస్తుంది. దాన్ని కార్డిగాన్ అంటారు. అయితే అది ఒక బ్రిటిష్ సైన్యాధికారి పేరు అని చాలామందికి తెలియదు. బ్రిటన్ సైనిక చరిత్రలో ఘోరమైన పొరపాటుగా నిలిచిపోయిన ఓ అశ్వికదళ దాడిని ముందుండి నడిపింది ఇతనే.

అసలు పేరు జేమ్స్ బ్రూడెనెల్. 1797లో ఇంగ్లండ్‌లో బాగా డబ్బున్న జమీందారీ కుటుంబంలో పుట్టాడు. 1837లో తండ్రి చనిపోయాక కార్డిగాన్ ఎర్ల్ అనే బిరుదు దక్కింది.

డబ్బుంటే చాలు.. పదవి మీదే!

అప్పట్లో బ్రిటిష్ సైన్యంలో పదవులు కొనుక్కోవచ్చు. 1824లో సైన్యంలో చేరిన బ్రూడెనెల్, ఎనిమిదేళ్లకే ఓ అశ్వికదళ రెజిమెంట్‌కు అధిపతి అయ్యాడు. అప్పటికి ఒక్క యుద్ధం కూడా చూడలేదు. ఓ అధికారిని కోర్టు మార్షల్‌కు ఈడిస్తే, ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. తిరిగి బ్రూడెనెల్‌కే చీవాట్లు పడ్డాయి, 1834లో పదవి ఊడింది. అయినా రెండేళ్లలో పలుకుబడి, డబ్బుతో మరో రెజిమెంట్ దక్కించుకున్నాడు.

కోపం మాత్రం తగ్గలేదు. 1840లో మాజీ అధికారి ఒకరితో పిస్తోళ్ల ద్వంద్వయుద్ధం చేసి గాయపరిచాడు. కేసు ప్రభువుల సభ దాకా వెళ్లినా, సాంకేతిక కారణంతో బయటపడ్డాడు.

బావంటే పడదు.. అయినా ఇద్దరూ ఒకే చోట

1854లో రష్యాతో క్రిమియా యుద్ధం. లైట్ బ్రిగేడ్ బాధ్యత కార్డిగాన్‌కు ఇచ్చారు. అతని పై అధికారి లార్డ్ లూకన్. కార్డిగాన్ చెల్లెలి భర్త! వరసకు బావాబావమరుదులు, కానీ ఒకరంటే ఒకరికి అస్సలు పడదు. వీళ్లిద్దరి పైన సర్వసేనాని లార్డ్ రాగ్లన్. సైనికులు డేరాల్లో అవస్థ పడుతుంటే, కార్డిగాన్ మాత్రం బాలక్లావా రేవులో సొంత పడవలో పడుకునేవాడు.

అసలేం జరిగింది?

1854 అక్టోబర్ 25. బాలక్లావా యుద్ధం. ఉదయం పక్కనే హెవీ బ్రిగేడ్ రష్యా గుర్రపుదళాన్ని తరిమికొట్టింది. చెల్లాచెదురైన శత్రువును వెంటాడే ఛాన్స్ చేతికొచ్చినా కార్డిగాన్ కదల్లేదు. ఉన్నచోటే ఉండమన్నారు కాబట్టి ఉన్నానని తర్వాత చెప్పుకున్నాడు.

కాసేపటికి కొండ మీదున్న రాగ్లన్‌కు, పొద్దున రష్యన్లు గట్టు మీద పట్టుకున్న ఫిరంగులను తరలిస్తున్నట్టు అనిపించింది. వెంటనే అశ్వికదళం ముందుకెళ్లి అడ్డుకోవాలని చీటీ పంపాడు. ఏ ఫిరంగులో అందులో రాయలేదు. కొండ మీద నుంచి కనిపించేది కింద లోయలో ఉన్న లూకన్‌కు కనిపించదు. చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ను అడిగితే, అతను లోయ వైపు చెయ్యి ఊపాడు. లోయ చివరన ఉన్నది రష్యన్ల ప్రధాన ఫిరంగి దళం!

లూకన్ మళ్లీ పైకి కబురు పంపలేదు. ముందూ పక్కలా ఫిరంగులే ఉన్నాయని కార్డిగాన్ చెప్పాడు. రాగ్లన్ ఆజ్ఞ అని లూకన్ తేల్చేశాడు. మాట అక్కడితో ఆగిపోయింది. పడని ఇద్దరి మధ్య రెండో మాట ఎక్కడిది?

సుమారు 670 మంది గుర్రాలపై దాదాపు 2 కిలోమీటర్ల లోయలోకి దిగారు. మూడు వైపుల నుంచి గుండ్లు. ముందుగా నేలకూలిన వాళ్లలో నోలన్ ఒకడు. కార్డిగాన్ వెనక్కి తిరిగి చూడకుండా అందరికంటే ముందు ఫిరంగుల దాకా వెళ్లాడు. ధైర్యంలో వంక పెట్టలేం. కానీ అక్కడికెళ్లాక తన పని అయిపోయిందనుకుని, ఇంకా పోరాడుతున్న తన వాళ్లను వదిలి వెనక్కి వచ్చేశాడు. దాదాపు 110 మంది చనిపోయారు, 160 మంది దాకా గాయపడ్డారు. వందల గుర్రాలు పోయాయి.

తప్పెవరిది.. ఫలితం ఎవరికి?

రాగ్లన్ లూకన్‌ను తప్పుబట్టాడు, లూకన్ చీటీనే చూపించాడు. 1855లో లండన్ చేరిన కార్డిగాన్‌కు మాత్రం హీరోలా స్వాగతం పలికారు. అశ్వికదళ ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి కూడా ఇచ్చారు. అతను ఫిరంగుల దాకా అసలు వెళ్లాడా లేదా అన్న వివాదం 1863లో కోర్టుకెక్కింది. వెళ్లాడనే తేలింది. యుద్ధంలో గుర్రం మీద నుంచి పడని ఆ మనిషి, 1868 మార్చిలో సొంత ఎస్టేట్‌లో గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు.

మూడేళ్లకు, 1871లో, డబ్బుతో పదవులు కొనే పద్ధతిని బ్రిటన్ రద్దు చేసింది. కార్డిగాన్ పేరు స్వెటర్ మీద నిలిచింది. ఏ ఫిరంగులు అన్న ప్రశ్నకు ఆ ఉదయం జవాబు దొరకకపోవడంతో లోయలో రాలిపోయిన వాళ్ల పేర్లు మాత్రం ఎంతమందికి గుర్తున్నాయి?