గమ్యం మారిన యాత్ర: సిమియన్ బెల్లిసన్

పాశ్చాత్య వాద్యబృందంలో నూరుమంది కళాకారులు ఒకేసారి వాయిస్తూ ఉంటారు. సభ ముగిసిన పిమ్మట శ్రోతల నాలుకలపై నిలిచేది నిర్దేశకుని పేరు మాత్రమే. తక్కినవారి జీవితం ఆ నాదసముద్రంలో కలిసిపోతుంది. అటువంటి అజ్ఞాతవాసాన్ని 28 ఏండ్లు నిండు మనస్సుతో గడిపిన వాద్యకారుడు సిమియన్ బెల్లిసన్. 1842లో వెలసిన న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ బృందంలో ఆయన 1920 నుండి 1948 వరకు ప్రథమ క్లారినెట్టు వాద్యకారుడు. అయితే ఆయన ఇల్లు విడిచి బయలుదేరినది ఆ పీఠం కొరకు కాదు.

బెల్లిసన్ మాస్కో నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి సైనిక బ్యాండులను నడిపిన సంగీతజ్ఞుడు. మన పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళం వెంట వినవచ్చే క్లారినెట్టునే ఆ బాలుడు తండ్రి చెంత చిన్ననాడే చేపట్టాడు. పిమ్మట మాస్కో సంగీత విద్యాలయంలో శాస్త్రోక్తంగా అభ్యసించి, 1901లో చదువు ముగించి, ఆ నగరపు సంగీతనాటకశాలలో స్థానం సంపాదించాడు. మొదటి ప్రపంచ సంగ్రామకాలంలో పెట్రోగ్రాడ్‌లోని మరీన్‌స్కీ నాటకశాలకు వెళ్ళాడు. రష్యాలో ఒక క్లారినెట్టు వాద్యకారుడు ఆశించదగిన పదవులలో అంతకు మించినది అరుదు.

1917లో విప్లవం వచ్చింది. మరుసటి ఏడు దేశం అంతర్యుద్ధంలో చిక్కుకొన్నది. ఆ కల్లోలంలోనే బెల్లిసన్ ‘జిమ్రో’ అనే చిన్న బృందాన్ని కూర్చాడు. నాలుగు తంత్రీవాద్యాలు, ఒక పియానో, తన క్లారినెట్టు: మొత్తం ఆరుగురు. యూదుల జానపద గీతాలను సేకరించి, వాటికి సభాగౌరవం కల్పించాలని 1908లో ఆ నగరంలోనే ఒక సంఘం ఏర్పడి ఉండెను. ఆ సంఘపు స్వరకర్తల కృతులే జిమ్రో మూలధనం. ఊరూరా వాయిస్తూ పాలస్తీనా చేరి, అక్కడ యూదు సంగీతానికి ఒక ఆలయం నిర్మించాలన్నది వారి సంకల్పం. పడమటి దారులు యుద్ధంతో మూసుకొనిపోగా వారు తూర్పుగా బయలుదేరారు. సైబీరియా దాటి, చైనా, జపాను, జావా ద్వీపం చూచి, 1919లో అమెరికా చేరారు.

న్యూయార్క్‌లో వారికి స్వదేశీయుడు ఒకడు తారసిల్లాడు. ఆయన సెర్గేయ్ ప్రొకోఫీవ్. జిమ్రో సభ్యులు కొందరు ఆయనకు విద్యాలయంలో సహాధ్యాయులు. బెల్లిసన్ యూదు జానపద బాణీలు వ్రాసి ఉన్న పుస్తకం ఒకటి ఆయన చేతిలో పెట్టి, తమ ఆరుగురికి ఒక కృతి కావాలని కోరాడు. పరుల బాణీలపై కట్టడం తనకు ఇష్టం లేదని ప్రొకోఫీవ్ మొదట నిరాకరించాడు. పుస్తకం మాత్రం ఆయన వద్దనే ఉండిపోయింది. ఒక సాయంకాలం పియానో ముందు కూర్చుండి ఆ బాణీలను తడుముతూ ఉండగా, కృతి తనంతట తానే రూపు దాల్చింది. అదే ‘హీబ్రూ బాణీలపై పూర్వరంగం’. 1920 ఆరంభంలో స్వరకర్తయే పియానో వాయించగా అది తొలిసారి న్యూయార్క్‌లో వినిపించింది. అందులో మొదటి బాణీని ఎత్తుకొనేది క్లారినెట్టే.

ఆ ఏడే బెల్లిసన్ ఫిల్‌హార్మోనిక్‌లో చేరాడు. జిమ్రో బృందం క్రమంగా విడిపోయింది. తలపెట్టిన ఆలయం తలపులోనే మిగిలిపోయింది. ఆయన మెంగెల్‌బర్గ్, టోస్కనీనీ, బార్బిరోలీ, రోడ్జిన్‌స్కీ వంటి నిర్దేశకుల కనుసన్నలలో వాయించాడు. 1928 డిసెంబరులో గెర్ష్విన్ రచించిన ‘పారిస్‌లో ఒక అమెరికన్’ తొలిసారి వినిపించినది ఈ బృందమే. 1930 నుండి బృందపు ఆదివారపు సభలు రేడియోలో దేశమంతటా వినవచ్చాయి. ఆయన పేరెరుగని లక్షలమంది ఆయన శ్వాసను విన్నారు.

అమెరికాలో నానాటికి ఫ్రెంచి పద్ధతి క్లారినెట్టు ప్రబలుతూ ఉండగా, బెల్లిసన్ తనకు అలవడిన జర్మను పద్ధతి వాద్యాన్ని విడువలేదు. కాని తన పద్ధతిని శిష్యులపై రుద్దలేదు. ఫ్రెంచి వాద్యం పట్టినవారికీ విద్య చెప్పాడు. లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌లో ప్రథమ వాద్యకారుడైన కాల్మన్ బ్లాక్, తరువాతి తరానికి గొప్ప గురువైన లియన్ రుసియానాఫ్ ఆయన శిష్యులే. కేవలం క్లారినెట్టులతోనే ఆయన ఒక బృందాన్ని నెలకొల్పాడు. 8 మందితో మొదలైన ఆ బృందం 75 మంది వరకు పెరిగింది. క్లారినెట్టు కొరకు పుట్టిన కృతులు స్వల్పం కనుక, ఇతర వాద్యాలకు వ్రాసిన ఎన్నో రచనలను తన వాద్యానికి అనువుగా తిరిగి కూర్చాడు. ఆరుగురితో నిర్మింపబూనిన ఆలయం కట్టలేకపోయిన చేతులే ఈ పాఠశాలను కట్టాయి.

1948లో ఆయన పీఠం దిగాడు. 1953లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. ఆయన వ్రాతప్రతులు, స్వరపత్రాలు పిమ్మట యెరూషలేములోని సంగీత విద్యాలయానికి చేరాయి. 1918లో ఆరుగురు తలపెట్టిన యాత్ర ఆ కాగితాల రూపంలో కడకు గమ్యం చేరుకొన్నది.