యోగాచార్య శ్రీమాన్ తిరుమలై కృష్ణమాచార్యులు

శ్రీవైష్ణవ గురుపరంపరను నిత్యము అనుసంధించు గృహస్థులకు శ్రీమన్నాథమునుల చరిత్ర క్రొత్త కాదు. మరుగునపడిన దివ్యప్రబంధమును వెదకుచు వారు ఆళ్వార్ తిరునగరికి చేరుట, మధురకవి ఆళ్వారుల ప్రబంధమును పండ్రెండువేల మారులు జపించుట, నమ్మాళ్వారులు సాక్షాత్కరించి నాలాయిరమును అనుగ్రహించుట పెద్దలు చెప్పగా విన్నదే. అయితే నాథమునులు మిగిల్చిన నిధులు రెండు. మొదటిది ప్రబంధము. అది నేటికిని ఆలయములలో మ్రోగుచున్నది. రెండవది యోగరహస్యము. దానిని వారు తమ శిష్యులైన కురుగై కావలప్పన్‌కు అప్పగించిరి. నాథమునుల మనుమలైన ఆళవందారులు దానిని తెలియగోరగా, కావలప్పన్ ఒక దినమును నిర్ణయించి ఆనాటికి రమ్మనిరి. ఆళవందారులు అరయరు గానము చేసిన పాశురమునకు పరవశులై అనంతశయనుని సేవింప తిరువనంతపురమునకు పయనమైరి. గడువు గుర్తుకు వచ్చునప్పటికి ఆ దినమే వచ్చియుండెను. యోగరహస్యము కావలప్పన్‌తోనే పరమపదించెను. నాటినుండి మన సంప్రదాయములో యోగమన్నది ఇంటిలోనే పోగొట్టుకొన్న సొమ్ము వంటిదైనది.

ఆ సొమ్మును వెదకుటకు నూరేండ్ల జీవితమును వెచ్చించిన వారు శ్రీమాన్ తిరుమలై కృష్ణమాచార్యులు.

వారు 1888 నవంబరు 18వ తేదీన, నేటి కర్ణాటకములోని చిత్రదుర్గ ప్రాంతమున, ముచుకుందపురమను గ్రామములో జన్మించిరి. తండ్రి శ్రీనివాస తాతాచార్యులు వేదాధ్యాపకులు, తల్లి రంగనాయకమ్మ. తమది నాథమునుల వంశమని ఆ ఇంటివారి విశ్వాసము. బాలునకు సంస్కృతముతో పాటు ఆసనములను, ప్రాణాయామమును తొలుత నేర్పినది తండ్రియే. పదేండ్ల ప్రాయమున తండ్రి గతించగా కుటుంబము మైసూరు చేరెను. అచ్చటి పరకాల మఠమునకు ముత్తాతగారే అధిపతులు. శ్రీ వేదాంతదేశికుల శిష్యులైన బ్రహ్మతంత్ర స్వతంత్ర జీయరువారు నెలకొల్పిన మఠమది; లక్ష్మీహయగ్రీవస్వామి అచ్చటి ఆరాధ్యదైవము. ఆ సన్నిధిలో బాలుని శాస్త్రాభ్యాసము సాగెను.

పదునారవ ఏట ఆయన ఒంటరిగా ఆళ్వార్ తిరునగరికి యాత్ర వెళ్ళిరి. అచ్చట జరిగినది ఆయన తరువాతి కాలమున శిష్యులకు చెప్పిన వృత్తాంతము. ఆలయద్వారమున ఒక వృద్ధుని నాథమునుల జాడ అడుగగా ఆయన ఒక దిక్కును చూపెను. ఆకలితో, అలసటతో తామ్రపర్ణీతీరమున ఒక మామిడితోపును చేరి బాలుడు స్పృహ తప్పెను. ఆ స్థితిలో మువ్వురు మహనీయులు కానవచ్చిరి. వారిలో ఒకరు మధురస్వరముతో యోగరహస్య శ్లోకములను గానము చేయగా బాలుడు వినెను. మేల్కొని చూచునప్పటికి తోపును లేదు, మహనీయులును లేరు. శ్లోకములు మాత్రము మనసున నిలిచెను.

ఆ శ్లోకములు నాథమునుల వాక్కులేనా, లేక కృష్ణమాచార్యుల తపస్సునుండి వెలువడినవా అని పండితులు విచారించిరి. ఆ విచారణ ఎటు తేలినను గ్రంథములోని విషయము గమనింపదగినది. యోగము అడవులకు పోయిన వారి సొత్తు కాదనియు, గృహస్థులకును, స్త్రీలకును, గర్భిణులకును, వృద్ధులకును వారి వారి వయసునకు, శక్తికి తగిన అభ్యాసము కలదనియు అందు చెప్పబడినది. కృష్ణమాచార్యుల జీవితమంతయు ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. అయితే ఆ వ్యాఖ్యానము వారికి ఒక్కనాటిలో కుదరలేదు.

పదునెనిమిదవ ఏట కాశికి వెళ్ళి శివకుమారశాస్త్రి కడ వ్యాకరణము చదివిరి. మైసూరు వచ్చి పరకాలస్వామివారి కడ వేదాంతశ్రవణము చేసి, 1914లో మరల కాశి చేరిరి. చేతిలో ధనము లేదు. మధుకరవృత్తితో తెచ్చుకొన్న పిండితో రొట్టెలు కాల్చుకొని చదువు సాగించిరి. దర్శనములతో పాటు ఆయుర్వేదమును కూడ అభ్యసించిరి. పిమ్మట మానససరోవర ప్రాంతమున రామమోహన బ్రహ్మచారి అను యోగీశ్వరుని ఆశ్రయించి ఏడున్నర సంవత్సరములు గడపినట్లు వారు చెప్పుచుండిరి. ఆ గురువు కోరిన దక్షిణ విచిత్రమైనది. వివాహము చేసికొని, సంసారములో నుండి, యోగమును బోధింపుమనుటయే ఆ దక్షిణ. పండితపదవులు పొందదగిన వానికి ఇది సులభమైన ఆజ్ఞ కాదు. ఆ రోజులలో యోగము నేర్పువానికి అన్నము పుట్టుట కష్టము.

1925లో నామగిరియమ్మను వివాహమాడిరి. కాపురము దారిద్ర్యముతోనే మొదలయ్యెను. భార్య చీరనుండి చింపిన గుడ్డను కౌపీనముగా ధరించిన రోజులు కూడ కలవని చెప్పుదురు. షడ్దర్శనములు చదివిన ఆయన హాసన్ ప్రాంతమున ఒక కాఫీతోటలో పనివారిపై అజమాయిషీ చేసిరి. సెలవు దొరకినపుడు ఊరూర యోగమును గురించి ఉపన్యసించి, ఆసనములను ప్రదర్శించిరి. ఆ ప్రదర్శనల కీర్తి మైసూరు ప్రభువులైన నాల్వడి కృష్ణరాజ ఒడయరువారి చెవిని పడెను. మధుమేహముతో బాధపడుచున్న ఆ ప్రభువు ఆయనను ఆదరించి, 1933లో జగన్మోహన ప్రాసాదములో యోగశాలను ఏర్పరచిరి. మరుసటి సంవత్సరము కన్నడమున యోగమకరందము వెలువడెను.

మైసూరునాటి కృష్ణమాచార్యులు సౌమ్యమూర్తి అని చెప్పినచో అది సత్యము కాదు. ఆయన పేరు వినిననే విద్యార్థులు వణకెడివారు. యోగశాలకు వచ్చినవారు చాలవరకు రాచకుటుంబముల పిల్లలు. వారి చురుకుదనమునకు తగినట్లు ఎగురుట, దుముకుట కలిసిన వేగమైన ఆసనక్రమమును ఆయన కూర్చిరి. బావమరదియైన బి.కె.ఎస్. అయ్యంగారు 1934లో రోగపీడితమైన దేహముతో ఆ ఇంట చేరి, బావగారి కాఠిన్యమును చవిచూచినట్లు తరువాత చెప్పుకొనిరి. పట్టాభి జోయిస్ కూడ ఆ కాలపు శిష్యులే. 1937లో రష్యనుజాతి స్త్రీయైన ఇందిరాదేవి విద్య నర్థింపగా మొదట నిరాకరించి, మహారాజు మాటపై అంగీకరించిరి. ఆమె తరువాత అమెరికాలోని హాలీవుడ్‌లో యోగశాల తెరచెను. నేడు దేశవిదేశములలో యోగమని చెప్పబడు దానిలో చాలభాగము ఈ మువ్వురి ద్వారా పాకినదే.

ఆ రోజులలో గుండె చప్పుడును ఆపి చూపుట కూడ ప్రదర్శనలలో భాగమై యుండెను. ఫ్రాన్సు దేశపు వైద్యురాలు తెరేజ్ బ్రోస్ 1930ల నడుమ యంత్రములతో వచ్చి పరీక్షించెను. 1961లో ప్రకటితమైన శాస్త్రజ్ఞుల పరిశోధన వలన, ఇట్టి ప్రయోగములలో గుండె నిజముగా ఆగదనియు, నాడి మాత్రము చేతికి అందకుండ పోవుననియు తేలెను. ఆచార్యులవారు కూడ ముదిమిలో ఇట్టి విద్యలకు విలువ ఇయ్యలేదు. కుమారుడు అడిగినను నేర్పలేదు. లోకమునకు ఉపయోగపడనిది నేర్పనేల యని వారి భావము.

1940లో మహారాజు పరమపదించిరి. దేశము స్వతంత్రమయ్యెను, రాచరికము పోయెను. 1950లో యోగశాల మూతపడెను. అప్పటికి ఆచార్యులకు అరువది దాటినవి. మువ్వురు కుమారులు, మువ్వురు కుమార్తెలు గల సంసారము. 1952లో ఆయన మద్రాసు చేరిరి. పక్షవాతమునకు లోనైన ఒక న్యాయకోవిదునకు సాయపడుట కొరకు పిలువబడి వచ్చి, ఆ నగరముననే స్థిరపడిరి.

ఇచ్చటినుండి కథ మారినది. మద్రాసులో ఆయన కడకు వచ్చినవారు ఎగిరి దుమికెడి రాచబిడ్డలు కారు. నడుమునొప్పి గల గుమాస్తాలు, ఉబ్బసముతో నిద్రలేని వారు, ప్రసవము దగ్గరపడిన ఇల్లాండ్రు, కాలు మడవలేని వృద్ధులు. వారికి మైసూరు పాఠము పనికిరాదు. ఆచార్యులు తమ పాఠమును మార్చుకొనిరి. మైసూరులో పొందిన కీర్తికన్న ఈ మార్పే వారి జీవితములో గొప్పదని చెప్పవలెను. అరువది యేండ్ల వయసున తన విద్యను తానే సరిచేసికొనుట పండితులలో అరుదు.

ఎవరు వచ్చినను మొదట నాడి చూచెడివారు. ఏమి తిందురు, ఎప్పుడు నిద్రింతురు, ఏ పని చేయుదురు, ఇంటిలో చింతలేమి అని విచారించి, ఆ ఒక్కరికే తగిన అభ్యాసమును నిర్ణయించెడివారు. ఒకే గదిలో పదిమందికి ఒకే పాఠము చెప్పుట లేదు. శిష్యుడు ఆసనమునకు తగినవాడు కావలెనని కాక, ఆసనమే శిష్యునకు తగినది కావలెనని వారి పద్ధతి. నేలపై కూర్చుండలేనివానికి కుర్చీయే పీఠము. లేవలేనివానికి పడకయే యోగశాల.

ఆ అభ్యాసమునకు ప్రాణము శ్వాస. చేతులు పైకెత్తునపుడు ముక్కుతో మెల్లగా గాలి పీల్చవలెను, దించునపుడు విడువవలెను. ముందుకు వంగునపుడు నిశ్వాసము, లేచునపుడు ఉచ్ఛ్వాసము. చేయి కదలుటకు ముందు శ్వాస మొదలుకావలెను, చేయి ఆగిన తరువాతనే శ్వాస ముగియవలెను. గొంతులో సన్నని ధ్వని వినబడుచుండగా మనస్సు ఆ ధ్వనిని వెన్నంటి పోవును. శ్వాస తెగినను, రొప్పు వచ్చినను అది శక్తికి మించినదని గుర్తు, అచ్చట ఆగవలెను. ఒక వైపు వంగిన పిదప దానికి విరుగుడుగా మరియొక సులభమైన కదలిక, నడుమ కొంత విశ్రాంతి, చివర ప్రాణాయామము. ఆపై ఆ శ్వాసతో ఇష్టదైవనామమును జతచేయుట. అన్యమతస్థులు వచ్చినపుడు వారి దైవమునే వారు తలచుకొనుమని చెప్పెడివారు. తాము మాత్రము ఊర్ధ్వపుండ్రములు ధరించి, నారాయణుని తలచి పాఠము మొదలుపెట్టెడివారు.

ఇందులో ఆయుర్వేదపు చదువు కూడ కానవచ్చును. వాగ్భటుని అష్టాంగహృదయము దినచర్యలో తైలాభ్యంగమును విధించి, తలకును, చెవులకును, అరికాళ్ళకును విశేషముగా చేయుమన్నది. వ్యాయామమునైతే బలవంతుడు సైతము చలికాలమునను, వసంతమునను తన శక్తిలో సగమువరకే చేయవలెననియు, తక్కిన కాలములలో ఇంకను తక్కువ చేయవలెననియు చెప్పినది. ఒడలు విరుచుకొనుటయే ఆరోగ్యమనుకొను వారు ఈ సగము మాటను గమనింపరు. మన దేవాలయములలో ప్రదక్షిణ విధియు ఇట్టిదే. నిండుచూలాలు నూనెకుండను మోయుచు నడచినట్లు అడుగు వేయవలెనని పెద్దలు చెప్పుదురు. తిరుమలలోను, శ్రీరంగములోను మనము నడుచు వేగమును చూచినచో ఆ మాట ఎంత మరచితిమో తెలియును. సంధ్యావందనమున ప్రాణాయామము చేయునపుడు ముక్కును తాకి వదలువారు ఎందరో; శ్వాసను నిజముగా నిలుపువారు కొందరే.

ఒకప్పుడు విదేశీయ స్త్రీ కనుక నేర్పనన్న ఆచార్యులు, మద్రాసులో స్త్రీలకు వేదపఠనము కూడ నేర్పిరి. రాబోవు కాలమున ఈ విద్యను నిలుపువారు స్త్రీలేయని వారు నమ్మిరి. ఆచారనిష్ఠ గల గృహములలో ఇది చర్చకు తావిచ్చెను. కాని నిత్యారాధనలో లోపము చేయని వ్యక్తి చేసిన పని యగుటచే ఎవరును తేలికగా తీసివేయలేకపోయిరి. పరకాల మఠాధిపత్యము తమను వెదకుకొని వచ్చినను, గురువునకిచ్చిన మాట కొరకు దానిని స్వీకరింపలేదని చెప్పుదురు.

కుమారుడు దేశికాచారి ఇంజనీరుగా చదివి ఉద్యోగమునకు పోవుచున్న కాలమది. ఒకనాడు ఒక విదేశీయ మహిళ కారు దిగివచ్చి, వీధిలో అందరు చూచుచుండగా తండ్రిని ఆలింగనము చేసికొనెను. కుమారుడు నివ్వెరపోయెను. ఎంతో కాలముగా మందులు లేనిదే నిద్రరాని ఆమె, ఆ ముందటి రాత్రి మందు లేకుండ నిద్రించెనని తెలిసెను. చదువు, ధనము, వైద్యము ఇయ్యలేని నిద్రను ఈ వృద్ధుడు ఎట్లిచ్చెనని కుమారునకు ఆలోచన పుట్టెను. 1961 నాటి ఈ సంఘటనతో ఆయన ఉద్యోగము విడిచి తండ్రికి శిష్యుడయ్యెను. తండ్రి వెంటనే అంగీకరింపక, తెల్లవారుజాముననే పాఠమునకు రమ్మని కుమారుని పట్టుదలను పరీక్షించిరి. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు డెబ్బదియేండ్ల వయసున ఈ దేశికాచారి కడనే మెల్లని శ్వాసాభ్యాసమును నేర్చిరి. 1976లో తండ్రి పేర కృష్ణమాచార్య యోగమందిరము మద్రాసులో వెలసెను.

తొంబదియారవ ఏట ఆచార్యులు పడి తుంటియెముక విరిగెను. శస్త్రచికిత్స చేయింపవలెనని వైద్యులు చెప్పిరి. ఆయన ఒప్పుకొనలేదు. ఇతరుల కొరకు నలువదేండ్లుగా మెరుగుపరచిన పద్ధతిని తమపై తామే ప్రయోగించుకొనిరి. పడకపై నుండియే చేయదగిన చిన్న చిన్న కదలికలను, శ్వాసను కూర్చుకొని దినదినము అభ్యసించిరి. మైసూరు ప్రాసాదమున చూపరులను అచ్చెరువొందించిన దేహమునకు అప్పుడు చేయి ఎత్తి దించుటయే ఆసనము. ఆ ముదిమిలోనే పతంజలి యోగసూత్రములకు యోగవల్లి అను వ్యాఖ్యను సంస్కృతమున రచించిరి. 1988లో శతజయంతి జరిగెను. 1989 ఫిబ్రవరి 28వ తేదీన మద్రాసులో ఆచార్యులు పరమపదించిరి.