ఇస్త్రీపెట్టెకు చల్లని పిడి నొసంగిన శ్రీమతి మేరీ పాట్సుగారి చరిత్రము

ప్రతి సంవత్సరము మన రజక కులసంఘ మహాసభా సమయమున వెలువడు ఈ సంచికయందు పూర్వుల చరిత్రములను ప్రకటించుట ఆచారమై యున్నది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణనగరమున ప్రసిద్ధి కెక్కిన మడివాళ మాచయ్యగారి పుణ్యచరిత్రమును మనవారు పలుమాఱులు చదివియు వినియు నున్నారు. ఈ యేడు వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకులు కోరగా, మేమొక విదేశవనిత జీవితమును వ్రాయ నిశ్చయించుకొంటిమి. ఆమె మన కులమున బుట్టినవారు కారు, మన దేశమువారును కారు. ఐనను మనము నిత్యము చేతబట్టు ఇస్త్రీపెట్టెను గూర్చియు, దానిని బట్టు చేతిని గూర్చియు ఆమె శ్రద్ధతో ఆలోచించిరి. శ్రమజీవులకు ఉపకరించినవారి చరిత్రము, వారే దేశమువారైనను, మనకు పఠనీయమే యని నమ్మి ఈ పనికి బూనుకొంటిమి.

మన అనంతపురము సీమ వానకు మొగము వాచిన మెట్టనేల. ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటచేతను ఈ కఱవు మనకు తరతరముల సొత్తైనది. పెన్న, చిత్రావతి, వేదవతి యను నదులు పేరునకు గలవు గాని, పెక్కు నెలలు వానియందు ఇసుకయే కనబడును. చెఱువు ఎండిన యేట రేవు ఎండును. రేవు ఎండిన యేట బాన పొయ్యి యెక్కదు, చౌడు నానదు, బండమీద బట్ట పడదు. అట్టి యేండ్లయందు మన యిండ్లలో పెక్కింటికి అన్నము పెట్టినది ఇస్త్రీపెట్టెయే. మూటెడు బట్టలు ఉతుకుటకు కడవలకొలది నీరు కావలెను. అవే బట్టలను ఇస్త్రీ చేయుటకు చిలకరించు నీరు ఒక చెంబెడు చాలును. కావున కఱవుసీమ రజకునకు ఇస్త్రీపెట్టె పనిముట్టు మాత్రమే కాదు. అది యాతనికి రెండవ రేవు.

మా బాల్యమున మా యింట నుండినది బొగ్గుల పెట్టె. ఐదాఱు కిలోల బరువు గలది. దాని మూతమీద కఱ్ఱపిడి, పిడికి అడుగున చిన్న రేకు. బొగ్గులు ఎఱ్ఱబడినకొలది రేకు కాగును, మేకులు కాగును, కొంతసేపటికి కఱ్ఱయు కాగును. మా తల్లిగారు పాతగుడ్డను నాలుగు మడతలు పెట్టి పిడికి జుట్టి పనిచేయువారు. మేము ప్రక్కన గూర్చుండి బొగ్గులకు విసరుచు అమరకోశమును వల్లించువారము. ఆ నిఘంటువున బట్టలుతుకువానికి నిర్ణేజకుడనియు రజకుడనియు పేర్లు గలవు. ఇస్త్రీ యను మాట సంస్కృతమున లేదు. అది పోర్చుగీసువారి వలన మన భాషలకు వచ్చినదని పండితులు చెప్పుదురు.

ఒకనాటి రాత్రి పిడిమేకు సడలి, పెట్టె ఒరిగి, మా తల్లిగారి కుడి యఱచేయి మూతకు తగిలి కాలెను. మఱునాడు ఉదయమున పెండ్లివారి బట్టలు ఇయ్యవలసి యుండుటచే ఆమె మిగిలిన మూటను ఎడమచేతితో ముగించిరి. ఆ మచ్చ ఆమె కడపటి దినము వఱకు చెఱగలేదు. పనిచేయు చేతిని పిడి యేల కాల్చవలెనని మేమడుగలేదు. మా యింట నెవరును అడుగలేదు. ఆ పనికి కాలుట సహజమని ఎల్లరమును ఎంచితిమి. మేము పుట్టుటకు దాదాపు నూఱేండ్లకు ముందే, సముద్రముల కావల, ఇరువదియేండ్ల గృహిణి యొకతె ఆ ప్రశ్నకు సమాధానము వెదకి కనుగొనెనని, ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిన పిమ్మట ఇస్త్రీపెట్టెల చరిత్రమును జదువునప్పుడు గాని మాకు తెలియలేదు. ఆమెయే ఈ చరిత్రమునకు నాయిక.

శ్రీమతి మేరీ ఫ్లారెన్సు పాట్సుగారు 1850 సంవత్సరమున జన్మించిరి. వారి పుట్టింటి పేరు వెబ్బరు. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అయోవా రాష్ట్రమున, డిమాయిన్ నదీతీరమున నున్న అటమ్వా పట్టణము వారి నివాసస్థలము. తండ్రిగారు గోడలకు గచ్చుపూత పూయు పనివారు. మేరీగారు చిన్నవయసుననే జోసెఫ్ పాట్సుగారిని వివాహమాడి, సంసారభారమును వహించిరి. వారికి ఇల్లే పాఠశాల, పొయ్యియే పరిశోధనశాల.

ఆ కాలమున ఆ దేశపు ఇండ్లలో తఱచుగా వాడబడిన ఇస్త్రీపెట్టె మన బొగ్గులపెట్టె వంటిది కాదు. అది లోపల నిప్పు లేని గట్టి ఇనుపదిమ్మ. రెండు మొదలు నాలుగు కిలోల బరువు గలది. దానిని ఆంగ్లమున శాడ్ ఐరన్ అనిరి. శాడ్ అను మాటకు నేడు దుఃఖమని యర్థమైనను, పూర్వము బరువైనది, గట్టిది యను అర్థమును ఉండెను. దానిని పట్టినవారికి రెండర్థములును సరిపోయినవని మాకు దోచుచున్నది. ఏలయన దిమ్మయు పిడియు రెండును ఇనుమే. దిమ్మను పొయ్యిమీద బెట్టి కాచినప్పుడు పిడియు దానితోడనే కాగును. కాగిన పిడిని మందపు గుడ్డతో బట్టుకొని, చల్లారువఱకు రుద్ది, మరల పొయ్యిమీద బెట్టి, అంతకుముందే కాగియున్న మఱియొక దిమ్మను దీసికొనవలెను. వారమునకొకనాడు ఇంటిల్లిపాది బట్టలకు గృహిణులు ఈ శ్రమ పడుచుండిరి. వేసవిని సయితము రోజంతయు పొయ్యి మండుచుండవలసినదే.

పాట్సుగారు ఈ కష్టమును రెండు మెట్లలో తొలగించిరి. మొదటిమెట్టు 1870వ సంవత్సరపు పేటెంటు. పేటెంటనగా, క్రొత్తగా కనిపెట్టిన వస్తువును కొంతకాలము కనిపెట్టినవారే చేయించి అమ్ముకొనుటకు ప్రభుత్వము వ్రాసియిచ్చు హక్కు. దిమ్మను లోపల గుల్లగా పోతపోయించి, ఆ గుల్లలో వేడిని త్వరగా ప్రసరింపనీయని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వంటి పదార్థమును నింపుట వారి యుపాయము. దానివలన వేడి అడుగుననే నిలిచి, పై కెగసి చేతికి దగులుట తగ్గెను. గచ్చుపనివాని కూతురగుటచే ఆ పదార్థపు గుణము వారికి పరిచితమై యుండుట సహజము. దిమ్మకు ఒకవైపున మాత్రమే గాక రెండువైపులను మొన యుండునట్లు చేయుటయు వారి యేర్పాటే. అందుచే పెట్టెను త్రిప్పకయే ముందునకును వెనుకకును నడపవచ్చును. మడతల మూలలలోనికి ఏ వైపునుండియైనను చొప్పింపవచ్చును. కుచ్చిళ్లును కాలరును ఇస్త్రీ చేసిన మనవారికి ఇందలి సౌకర్యము వేఱుగా చెప్పనక్కఱలేదు.

రెండవమెట్టు 1871 ఏప్రిల్ 4వ తేదిన 113,448 సంఖ్యతో వారికి లభించిన పేటెంటు. వారి కీర్తికి మూలమిదియే. పిడిని దిమ్మనుండి వేఱుచేయుట ఇందలి విశేషము. పిడిని అర్ధచంద్రాకారమున కఱ్ఱతో జేయించి, దాని అడుగున లోహపు కొక్కెమును అమర్చిరి. దిమ్మ నడుమ ఆ కొక్కెము పట్టుకొనుటకు తగిన చోటు గలదు. పిడిని దిమ్మమీద నుంచినంత కొక్కెము బిగిసికొనును. మీట లాగినంత ఊడివచ్చును. పొయ్యిమీద కాగునది దిమ్మ మాత్రమే. పిడి ఎన్నడును నిప్పు మొగము చూడదు. కావున అది ఎల్లప్పుడును చల్లగనే యుండును.

ఇందలి సూక్ష్మమును చదువరులు గమనింపవలెను. పాట్సుగారికి పూర్వము వేడినుండి చేతిని కాపాడుటకు చేతికిని పిడికిని నడుమ గుడ్డ యుంచుచుండిరి. అది వచ్చిన వేడిని ఓర్చుకొను ఉపాయము. పాట్సుగారు వేడియే పిడికి రాకుండునట్లు చేసిరి. మొదటిది సహనము, రెండవది విచారము. మా తల్లిగారు నాలుగు మడతల గుడ్డ చుట్టినప్పుడు చూపినది మొదటిది. మాకు లేకపోయినది రెండవది.

ఈ యేర్పాటుచే మఱియొక లాభమును గలిగెను. ఒక పిడికి మూడు దిమ్మలను జేర్చి, ఒక నిలువుపీటతో గూడ కట్టగా అమ్మిరి. ఒకదానితో పని జరుగుచుండగా రెండు పొయ్యిమీద కాగుచుండును. చల్లారినదానిని విడిచి, అదే పిడితో కాగినదానిని తగిలించుకొనవచ్చును. పని ఆగదు, చేయి కాలదు. దిమ్మలును ఒక్కొకటి ఒక్కొక బరువు గలవగుటచే, సన్నని బట్టకు తేలికదియు, ముతకబట్టకు బరువైనదియు ఎంచుకొనుట సాధ్యమయ్యెను.

కనిపెట్టుట యొకటి, లోకమునకు అందించుట వేఱొకటి. పాట్సు దంపతులు అటమ్వాను వీడి, పెద్ద పరిశ్రమలు గల ఫిలడెల్ఫియా నగరమునకు వచ్చిరి. అచ్చటి అమెరికన్ మెషీన్ కంపెనీ వారి పెట్టెలను తయారుచేసి అమ్మసాగెను. అమెరికా స్వాతంత్ర్యమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున 1876లో అదే నగరమున గొప్ప ప్రదర్శనము జరిగెను. అందు పాట్సుగారి ఇస్త్రీపెట్టెయు ప్రదర్శింపబడి జనుల మెప్పు గాంచెను. అమ్మకపు ప్రకటనపత్రములమీద వారి చిత్రమును ముద్రించిరి. ఆ కాలమున స్త్రీల పేరుతో పేటెంటులు మిక్కిలి అరుదు. అట్టియెడ మిసెస్ పాట్సు అను పేరు ఇంటింట వాడుకమాట యగుట సామాన్యము గాదు. ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ కంపెనీ వారును ఈ పేరుతోనే పెట్టెలను చేసిరి.

ఆ దేశపు శాసనము ననుసరించి పేటెంటు హక్కు నాడు 17 సంవత్సరములు మాత్రమే నిలుచును. గడువు తీఱిన పిమ్మట పలు కర్మాగారములవారు అదే మాదిరిని పెట్టెలు పోయించిరి. ఈలోపల 1882లో న్యూయార్కు వాస్తవ్యుడగు హెన్రీ సీలీ విద్యుత్తుతో కాగు ఇస్త్రీపెట్టెకు పేటెంటు పొందెను. ఐనను విద్యుత్తు లేని యిండ్లలో పాట్సుగారి పెట్టె ఇరువదియవ శతాబ్దమునను పనిచేయుచునే యుండెను. వారు 1922వ సంవత్సరమున కాలధర్మము నొందిరి. నేడును పాతవస్తువులను సేకరించువారి యిండ్లలోను, వస్తుప్రదర్శనశాలలలోను వారి పేరు పోతపోసిన దిమ్మలు కనబడుచున్నవి.

ఆ పెట్టె మన సీమలో వాడుకకు రాలేదేమని చదువరులు అడుగవచ్చును. పాట్సుగారి పెట్టె దినమంతయు మండు పొయ్యిని నమ్ముకొన్నది. మన వృత్తివాడు ఇంటింటికిని, వీధి మూలకును పెట్టెను గొనిపోవువాడు. వంటచెఱకునకును ఎద్దడి గల నేలవాడు. నిప్పును కడుపులో బెట్టుకొని కూడ నడుచు బొగ్గులపెట్టెయే ఆతనికి అనుకూలించెను. పనిముట్టు ఆయా దేశపు పొయ్యిని, ఆయా వృత్తియొక్క నడకను అనుసరించును. పాట్సుగారి దిమ్మ మనకు రాకపోయినను, వారి విచారము రాకూడదను నియమము లేదు.

మన చేతులకు తెలిసిన విద్య తక్కువది కాదు. ఏ బట్టకు ఎంత వేడి తగునో నీటిచుక్క చిటపటను విని చెప్పగలవారు, మరకను జూచి మందు చెప్పగలవారు మన యిండ్లలో నెందఱో కలరు. ఐనను ఆ విద్య కాగితమున కెక్కలేదు. పాట్సుగారికిని మన తల్లులకును నడుమ గల భేదము బుద్ధిలో లేదని మా దృఢవిశ్వాసము. ఆమె ఊహను గీసి, వ్రాసి, ప్రభుత్వమునకు పంపు వీలు ఆమెకు గలిగెను. మన తల్లులకు అక్షరమే అందలేదు. ఆ లోటు మనది, మన పెద్దలది, మనలను దూరముంచిన లోకముది.

ఇటీవల మన పొరుగు తమిళనాట తిరువణ్ణామలైలో వినీషా ఉమాశంకర్ అను పాఠశాల బాలిక, వీధిలో ఇస్త్రీ చేయువాడు కాల్చిన బొగ్గులను పాఱబోయుట జూచి, సూర్యకాంతితో పనిచేయు ఇస్త్రీబండిని రూపొందించెను. 2020లో ఆమెకు స్వీడనునుండి అంతర్జాతీయ బాలల పర్యావరణ బహుమానము లభించెను. వానకు కొదువయైనను మన సీమలో ఎండకు కొదువ లేదు. పాట్సుగారి తరువాత నూటయేబదియేండ్లకు మరల ఒక ఆడుబిడ్డయే ఇస్త్రీ చేయు చేతివైపు చూచినదనుట మనము మఱవరాదు.

మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులకును, సంఘమునకు అండగా నున్న పోషకమహాశయులకును మా విన్నప మొక్కటియే. మన బాలికలను పదవతరగతితో ఆపి ఇస్త్రీబల్ల యొద్ద నిలుపకుడు. ఆ బల్ల యొద్ద వారు చూచినది వ్రాయుటకును, గీయుటకును తగినంత చదువు చెప్పింపుడు. ఇంటికి బోయి మీ పెట్టె పిడిని ఒకమాఱు చూడుడు. మేకు సడలియుండిన నేడే బిగింపుడు, కఱ్ఱ కాలియుండిన క్రొత్తది వేయింపుడు. మా తల్లిగారి పెట్టెకు మేమా పని సకాలమున చేయకపోతిమి. చేతిని కాల్చని పిడికై ఆలోచించిన శ్రీమతి మేరీ పాట్సుగారికి మనము చేయదగిన నివాళి ఇంతకంటె వేఱొకటి లేదు.

సర్వులకును శుభమగుగాక.